అమ్మమ్మ పక్క

ఆ ఎండాకాలం సెలవులకు అత్తవారింటికి రానని నేను మొండికేశాను. బడి మూసిన మర్నాటి నుంచీ నా భార్య కృపమ్మ పెట్టె సర్దుతూనే ఉంది, నేను రానంటూనే ఉన్నాను. అది అరవై ఒకటో సంవత్సరం. అప్పుడు నేను సత్తెనపల్లిలో మిషను బడి పంతులుని. మా కొడుకు సామేలుకి ఆరో నెల వచ్చింది.

"అత్తారింటికి రమ్మంటే ఏ అల్లుడైనా ఎగిరి గంతేస్తాడు. మీకేం రోగం?" అంది కృపమ్మ.

రోగమేమిటో ఆమెకు తెలుసు. నా నోటితోనే అనిపించాలని చూస్తోంది. నేను ఎండలన్నాను, బస్సులో తొక్కిసలాట అన్నాను, గురజాల వైపు నీళ్ళు పసివాడికి పడవన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇంకేవేవో కూడా అన్నాను. ఆమె అన్నీ విని, సామేలు చొక్కాలు మడత పెట్టి పెట్టెలో వేసి, మూత వేసింది.

"మీరేమనుకుంటన్నారో నాకు తెలుసు. ఆ మాట అక్కడ మాత్రం అనమాకండి. పిలగాడు మా అమ్మ పక్కలో పడుకోవాల. లేకపోతే ఊరోళ్ళు అన్న మాటే మనమూ అన్నట్టయిద్ది."

మూడేళ్ళ కిందట మా మొదటి బిడ్డ ఆ ఇంట్లోనే పుట్టింది. ఆడపిల్ల. ఇంకా పేరు కూడా పెట్టలేదు. బాలింతకు నిద్ర కావాలని, అక్కడ అందరూ చేసేట్టే, అమ్మమ్మ బిడ్డను తన పక్కలో వేసుకునేది. ఒక మధ్యాహ్నం అలాగే పడుకున్నారు. మా అత్తమ్మ మేలుకుని చూసేసరికి బిడ్డలో ఊపిరి లేదు. ఒంటి మీద ఒక్క గీత కూడా లేదు. పాస్టరుగారు ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. ఊళ్ళో ఆడవాళ్ళు మాత్రం నిద్రలో ఒత్తిగిలి మీద పడి ఉంటుందని గొంతు తగ్గించి అనుకున్నారు. కబురంది నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. నేను అత్తమ్మను ఏమీ అడగలేదు. అల్లుడు బంగారం, పల్లెత్తు మాట అనలేదని అందరూ మెచ్చుకున్నారు. అడిగితే ఆమె ఏం చెబుతుందోనని నాకు భయం, అంతే.

సామేలు పురుడు ఆసుపత్రిలో పోయించాను. అత్తమ్మ వచ్చి, వరండాలో ఉండి, పథ్యం వండి పెట్టి వెళ్ళింది. పిల్లవాణ్ణి దూరం నుంచి చూసి ముద్దు చేసిందే గాని పక్కలో వేసుకుంటానని ఒక్కసారి కూడా అనలేదు. అప్పుడు నాకు ప్రాణం హాయిగా ఉంది. కృపమ్మకు లేదు.

చివరికి మామ జక్కయ్య స్వయంగా పిలవటానికి వచ్చాడు. ఇక రాననటానికి నాకు దారి లేకపోయింది.

*

వాళ్ళ పల్లె గురజాలకు దగ్గరే. మామ రాతి గనిలో పని చేసేవాడు. ఆ ఊళ్ళో గోడలు నాపరాయి, నేల నాపరాయి, ఇంటి చుట్టూ దడి కూడా నిలువుగా పాతిన నాపరాళ్ళే. పొద్దెక్కేసరికి బయట గోడ మీద చెయ్యి ఆనదు. లోపల నేల మాత్రం చల్లగా ఉంటుంది. అందుకని మధ్యాహ్నం ఊరు ఊరంతా తలుపులు మూసుకుని నేల మీద పడుకుంటుంది.

నేను మాత్రం నేల మీద పడుకోకూడదు. పెళ్ళిలో నాకిచ్చిన నవారు మంచం ఒకటి ఆ ఇంట్లో ఉంది. నేను లేనన్నాళ్ళూ దాన్ని గోడకు చేరేసి, మీద దుప్పటి కప్పి ఉంచుతారు. నేను రాగానే దించి, దోమతెర కట్టి, కొత్త దిండు వేస్తారు. ఆ మంచం మీద ఇంకెవరూ కూర్చోరు కూడా. ఊరంతటికీ చల్లటి నేల, అల్లుడికి ఉడికిపోయే మర్యాద.

మేము వెళ్ళేసరికి అత్తమ్మ పున్నమ్మ పిల్లవాడికి పడకలు సిద్ధం చేసి పెట్టింది. దూలానికి పాత చీర ఉయ్యాల కట్టింది. ఒక చిన్న నులక మంచం కొత్తగా అల్లించింది. నడిమి గదిలో నేల తుడిచి, మెత్తని బొంత పరిచింది. కృపమ్మ సామేలును చంకనేసుకుని ఒక్కొక్కటే చూసింది.

"దూలంలో తేళ్ళుంటయ్ అమా."

"పొద్దున్నే పొగేసినానే. కర్రతో తట్టి తట్టి చూసినా."

"ఈ నులక సందుల్లో కాలిరుక్కుద్ది."

"మీద బొంత మడతేసి పరుచు."

"దొర్లి కింద పడడా?"

"అందుకే గదే నేల మీద కూడా పరిచింది."

"నేల మీద జెర్రులు తిరుగుతయ్."

అత్తమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "మరి యాడ పడుకోబెడతావే?"

"నీ పక్కలో."

నేను గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాను. ఆ చెప్పులు విడవటానికి నాకు చాలా సేపు పట్టింది. అత్తమ్మ నా వైపు చూడలేదు. "పొయ్యి మీద పులుసుంది, పొంగిపోద్ది" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"వాణ్ణి నా మంచం మీద పడుకోబెడదాం. దోమతెర ఉంది, తేలూ రాదు, జెర్రీ రాదు" అన్నాను. నా గొంతులో సంతోషం నాకే వినిపించింది. కృపమ్మ నా వైపు చూసిన చూపుకి పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

మామ అప్పుడే నీళ్ళ బిందె దించుతున్నాడు. అల్లుడు మంచం మాటెత్తాడనగానే బిందె వదిలేసి వచ్చాడు.

"ఏం అల్లుడుగారూ, మంచం బాగాలేదా? నవారు వదులైందా?"

"బాగానే ఉంది మామా. పిల్లవాడు నా దగ్గర పడుకుంటాడని..."

"పిలగాణ్ణి పెట్టుకుని మీకు నిద్రేం పడిద్ది? మీకేదో మనసులో ఉంది. చెప్పండి, మొహమాటపడమాకండి."

నాకేమీ లేదన్నాను. లేదనే ప్రతి అల్లుడూ అలిగినవాడే. సాయంత్రానికి కోడిని కోశారు. మర్నాడు మళ్ళీ అదే మాటన్నాను, ఆయన గురజాల వెళ్ళి జరీ అంచు పంచె తెచ్చాడు. ఇంకో రెండుసార్లు అడిగితే గొడ్డును అమ్మి చేతి గడియారం కొనేట్టున్నాడు. నా కొడుకు నిద్ర గురించి ఆ ఇంట్లో నేను మాట్లాడగలిగిన మాట ఒక్కటీ లేదు. అసలు మాట అనకూడదు, మిగతా ఏ మాటన్నా అలక.

చివరికి ఎలాగో నా మాటే నెగ్గింది. మధ్యాహ్నాలు దోమతెరలో నేనూ, సామేలూ. వాడు మంచం మధ్యలో కాళ్ళూ చేతులూ చాపి నిద్రపోయేవాడు. నేను అంచున కట్టెలా బిగుసుకుని, కన్ను మూతపడబోతే ఉలిక్కిపడి లేచేవాణ్ణి. నా చెయ్యి ఇంత బరువుంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, తల కింద పెట్టుకుని తిమ్మిరెక్కేదాకా ఉంచేవాణ్ణి.

*

అత్తమ్మ ఆ వేసవిలో మిరపకాయల పని ఒప్పుకుంది. రైతులు ఎండుమిరపకాయలు ఇంటికి పంపిస్తే కూర్చుని తొడిమలు తీసివ్వాలి. కూతురూ మనవడూ వచ్చిన ఇంట్లో ఆ పని ఎవరూ ఒప్పుకోరు. ఎప్పుడు చూసినా ఆమె చుట్టూ మిరపకాయలే. కృపమ్మ పిల్లవాణ్ణి తెచ్చి, "కాసేపు ఎత్తుకోయే" అంటే, ఆమె రెండు చేతులూ చూపించేది.

"కారం చేతులే. కళ్ళల్లో పడితే ఏడుస్తాడు."

"కడుక్కో."

"కడిగితే పోయే కారమా ఇది?"

సామేలు ఆమెను చూసి నోరంతా తెరిచి నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది, మాటలు చెప్పేది, "ఏంరా అయ్యా, ఏంరా పంతులూ" అనేది. కాని చేతులు మిరపకాయల్లోంచి బయటికి తీసేది కాదు.

ఒకరోజు పక్కింటి బీబీ వచ్చి ఆమెతో పాటు కూర్చుంది. కృపమ్మ పెరట్లో గుడ్డలు ఉతుకుతోంది. నేను దోమతెరలో పిల్లవాడి పక్కన ఉన్నాను. నేను నిద్రపోతున్నాననుకున్నారు.

"ఏంది పున్నక్కా, మనవడు నీ పక్కలో కాకుండా అల్లుడి మంచం మీదున్నాడేంది? యాడన్నా ఉందా ఇది?"

తొడిమలు విరుస్తున్న చప్పుడు ఆగలేదు.

"నీ కూతురు పెట్టట్లేదా, అల్లుడు వద్దన్నాడా?"

"వాళ్ళేమీ అనలా. నా పక్క మంచిది కాదులే బీబీ."

ఆ మాట ఆమె కూరలో ఉప్పు ఎక్కువైందన్నంత మామూలుగా అంది. నాకు లేచి వెళ్ళి ఏదో ఒకటి చెప్పాలనిపించింది. ఏం చెప్పాలి? పిల్లవాణ్ణి తీసుకెళ్ళి ఆమె పక్కన పడుకోబెట్టి, 'చూడండి, మాకేం అనుమానం లేదు' అనాలి. అనుమానం ఉంది. నా కొడుకు గుండెల మీద చెయ్యి పెట్టి ఊపిరి చూసుకున్నాను. ఆడుతోంది. తీసి, మళ్ళీ పెట్టి చూసుకున్నాను.

గుమ్మం అవతల మామ ఉలికి పదును పెడుతున్నాడు. రాపిడి చప్పుడు ఆగిపోయింది. బీబీ వెళ్ళిపోయినా మళ్ళీ మొదలు కాలేదు.

*

ఆ తర్వాత కొన్నాళ్ళు మామ గని నుంచి ఆలస్యంగా రావటం మొదలుపెట్టాడు. అడిగితే పనుందనేవాడు. సాగరు డ్యాము పనికి కుర్రవాళ్ళంతా పోయారు గదా, చేతులు తక్కువై ఉంటాయనుకున్నాం.

ఒక పొద్దున బండి మీద రాయి తెచ్చాడు. బండివాడూ ఆయనా చెరో వైపు పట్టి లోపలికి మోసుకొచ్చారు. పొడవాటి నాపరాయి, జానెడు ఎత్తు. అంచులన్నీ గుండ్రంగా చెక్కి, ఇసకతో రుద్ది, చంటిపిల్లల చెంపలా నునుపు చేశాడు. నడిమి గదిలో నేల బండల సందు తవ్వి, రాయిని నిలబెట్టి, సున్నం పోసి బిగించాడు. ఇటు చాప పరిచాడు, అటు బొంత పరిచాడు. చెయ్యి పెట్టి ఊపి చూశాడు. కదల్లేదు.

అప్పుడు మమ్మల్నందర్నీ పిలిచాడు. ఆయన మొహం పండగనాటి మొహంలా ఉంది.

"ఏమే పున్నీ, ఇట్టా రా. ఇది నీ పక్క, ఇది పిలగాడి పక్క. నువ్వెంత దొర్లినా రాయి దాటి పోలేవు. ఇంక భయం లేదు. పడుకోబెట్టుకో."

ఆయన మా మొహాలు ఒక్కొక్కటే చూశాడు. రాయి ఎంత నునుపుగా ఉందో మేము చూడలేదనుకుని, కృపమ్మ చెయ్యి పట్టుకుని దాని అంచు తడిమించాడు. "చూడమ్మా, పిలగాడికి గీసుకోదు."

అత్తమ్మ రాయిని చూసింది. తర్వాత మొగుణ్ణి చూసింది.

"ఊరంతా అన్నారయ్యా. నువ్వు మాత్రం అన్లా. మూడేళ్ళు ఒక్క మాట అన్లా."

"ఇప్పుడు మాత్రం నేనేమన్నా?"

"ఏమీ అన్లా" అంది ఆమె.

ఆయనకు అప్పుడు అర్థమైంది. చేతులకు సున్నం ఆరిపోతోంది. ఆ చేతులు ఏం చేసుకోవాలో తెలియక పంచెకు తుడుచుకున్నాడు. "నీ మంచికే గదే చేసింది" అన్నాడు. నీళ్ళు తాగి వస్తానని బయటికి వెళ్ళి, మధ్యాహ్నం దాకా రాలేదు. వచ్చి, తిని, మళ్ళీ గనికి వెళ్ళిపోయాడు. మంచి చెయ్యబోతే చెడు ఎదురైందంటారే, అది నా కళ్ళతో చూశాను. ఆయన మీద నాకు కోపం రాలేదు. నా గుండెల్లో ఉన్న మాటకే ఆయన రాతితో రూపం ఇచ్చాడు.

ఆశ్చర్యం ఏమిటంటే, ఆ మధ్యాహ్నం అత్తమ్మ ఆ చాప మీద పడుకుంది.

"పెద్దాయన అంత కష్టపడి చేశాడు. పడుకోకపోతే బాధపడతాడు. తే, పిలగాణ్ణి అటు పక్కన పెట్టు" అని కూతురితో అంది. కృపమ్మ మొహం ఎన్నాళ్ళకో విచ్చుకుంది. సామేలుకి పాలిచ్చి, రాయికి ఇవతల బొంత మీద పడుకోబెట్టి, తను గోడ వారన ఒరిగి కాసేపటికే గాఢంగా నిద్రపోయింది. నేను నా మంచం మీద దోమతెరలోంచి చూస్తూ ఉన్నాను. నాకు కనిపించేది రాయీ, పిల్లవాడూ. రాయికి అవతల ఆమె వీపు కొంచెం. ఇక అంతా బాగుపడుతుందేమోనని ఆశ కూడా కలిగింది.

సామేలు లేచాడు. అప్పుడప్పుడే బోర్లా పడటం నేర్చాడు. బోర్లా పడి, రాయి మీద చెయ్యి వేసి, ఏడుపు అందుకున్నాడు. అమ్మమ్మకు వాడికి మధ్య ఒక్క రాయే దూరం. ఆమె చెయ్యి చాపుతుందని చూశాను. చాపలేదు.

"బాబూ, పిల్లోడు లేచాడు" అంది. నేను మెలకువగా ఉన్నానని ఆమెకు తెలుసు.

దిగి వెళ్ళి వాణ్ణి ఎత్తుకున్నాను. అప్పుడు రాయి అవతల కనిపించింది. ఆమె రెండు చేతులూ మణికట్ల దగ్గర కొంగుతో కట్టేసి ఉన్నాయి. పళ్ళతో లాగి బిగించుకున్న ముడి.

"ఇదేంటి అత్తమ్మా?"

"గట్టిగా అనమాకండి. కృప లేచిద్ది."

నేను పిల్లవాడితో పాటు అక్కడే కూలబడ్డాను. "అప్పుడు జరిగింది మీ వల్ల కాదు అత్తమ్మా" అన్నాను. మూడేళ్ళు దాచుకున్న మాట. అది నిజమో కాదో తెలియకుండానే అనేశాను.

ఆమె తల తిప్పి నా కళ్ళల్లోకి చూసింది. "మీకు తెలుసా బాబూ?"

తెలియని సంగతి తెలుసన్నట్టు చెప్పటం పంతుళ్ళకు కొత్త కాదు. ఆ కళ్ళ ముందు మాత్రం చెప్పలేకపోయాను.

"తెలియదు" అన్నాను.

"నాకూ తెలవదు. నేనే చంపినానని తెలిస్తే తల బాదుకుని ఏడ్చి ఊరుకుందును. కాదని తెలిస్తే ఈణ్ణి గుండెల మీద పెట్టుకుందును. నిద్రలో నా చెయ్యి ఏం చేసిందో నాకెట్టా తెలిసిద్ది?"

ముడి విప్పమంటారా అని అడిగాను. "లేవంగానే నేనే ఇప్పుకుంటాలే, మీరు పిలగాడి సంగతి చూడండి" అంది.

*

సాయంత్రం కృపమ్మకు చెప్పేశాను. చెప్పకూడదనుకున్నాను గాని కడుపులో ఆగలేదు. ఆమె ఏడవలేదు. చాలాసేపు సామేలు కాలి వేళ్ళు సవరిస్తూ కూర్చుంది.

"పోదాం" అంది. "మనం ఇక్కడున్నన్నాళ్ళూ మా అమ్మ అట్టా కట్టుకునే పడుకుంటది."

సెలవులు ఇంకా సగం మిగిలాయి. రానన్నవాణ్ణి నేను, తీసుకొచ్చినది ఆమె. ఇప్పుడు ఉందామంటున్నది నేను, పోదామంటున్నది ఆమె. మర్నాడే బయల్దేరాం. మామ ఏం తప్పు జరిగిందని అడగలేదు. పెట్టె నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. అత్తమ్మ మాతో పాటు రోడ్డు దాకా వచ్చింది.

బస్సు ఆగే చోట టీ కొట్టు వాళ్ళ తాటాకు పందిరి ఉంది. దాని కింద జనం నిండుగా ఉన్నారు. గురజాల కోర్టుకు వాయిదాకి పోయేవాళ్ళు, గంపలతో ఆడవాళ్ళు, బీడీలు కాల్చుకుంటూ గని మనుషులు. మాచర్ల నుంచి రావాల్సిన బస్సు ఆలస్యమైంది. సామేలుకి నిద్ర ముంచుకొస్తోంది, ఎండకి పట్టటం లేదు. కృపమ్మ భుజాన వేసుకుని తట్టింది, ఏడ్చాడు. నేను ఎత్తుకుని అటూ ఇటూ తిరిగాను, ఇంకా ఏడ్చాడు. మామ నాలుకతో గుర్రం చప్పుడు చేశాడు. దానికీ ఏడ్చాడు.

అత్తమ్మ పందిరి కింద జనాన్ని ఒకసారి కలియజూసింది. తర్వాత ఆ దుమ్ములోనే కూర్చుని కాళ్ళు చాపింది.

"ఇట్టా ఇవ్వండి."

కృపమ్మ నా మొహం చూసింది.

"ఇక్కడైతే ఇవ్వండి. ఇంతమంది చూస్తన్నారు గదా" అంది అత్తమ్మ.

పిల్లవాణ్ణి ఆమె కాళ్ళ మీద పడుకోబెట్టాను. ఆమె వాడి తల తన పాదాల వైపు సరిచేసి, కాళ్ళు మెల్లగా ఊపటం మొదలుపెట్టింది. ఒక చెయ్యి గాల్లో కాసేపు ఆగి, వాడి పొట్ట మీదికి దిగింది. వాడు రెండుసార్లు వెక్కి, ఆమె వేలు ఒకటి పట్టుకుని, నిద్రలోకి జారిపోయాడు.

"మీరు చూస్తా ఉండండి బాబూ. కన్ను తిప్పమాకండి" అంది నాతో.

చూస్తూనే ఉన్నాను. కృపమ్మ చూస్తోంది. సంగతేమీ తెలియని గని మనుషులు కూడా బీడీలు ఆర్పేసి చూస్తున్నారు. ఆమె మాత్రం మమ్మల్ని చూడటం లేదు.

దుమ్ము లేపుకుంటూ బస్సు వచ్చి ఆగింది. జనమంతా ఎగబడ్డారు. మామ పెట్టె మళ్ళీ నెత్తికెత్తుకున్నాడు. మళ్ళీ బస్సు సాయంత్రానికి గాని లేదు. కండక్టరు మా వైపు చూసి, "రండి పంతులుగారూ, రండి, చోటుంది" అని కేకేశాడు. సామేలు కదల్లేదు. అత్తమ్మ తలెత్తలేదు. కండక్టరు ఇంకోసారి కేకేశాడు.

మామ నెత్తి మీద పెట్టె దించి, చప్పుడు కాకుండా కింద పెట్టాడు.